వెలుగును గీయవచ్చునా?

బొగ్గుకడ్డీతో దీపమును చిత్రింపబూనిన వానికి ఒక చిక్కు కలదు. చేతనున్నది నలుపొక్కటే, చూపవలసినది వెలుగు. తనయొద్ద లేనిదానిని అతడెట్లు చూపగలడు?

ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ సూరా (1859–1891) ఈ చిక్కును విడదీసిన తీరు గమనింపదగినది. అతడు గరుకు కాగితముపై కోంటే అను నల్లని కడ్డీతో గీచెడివాడు. కాగితపు మిట్టలకు నలుపంటును. పల్లములు తెల్లగనే మిగులును. ఆతని అనేక చిత్రములలో వెలుగు కావలసినచోట చేయి తేలికయగును; కొన్నియెడల కాగితమును తాకనే తాకదు. ఆ వెలుగు కాగితమునందు ముందే యున్నది. చిత్రకారుడు దానిని కప్పక విడిచినాడు.

వీరశైవమతమున దీక్షయు నిట్టిదే. గురువు శిష్యునికి క్రొత్తగా శివత్వమును తెచ్చి యతికింపడు. దానిని గప్పిన ఆణవ, మాయా, కార్మిక మలములను తొలగించును. అయితే తొలగించుట యన్నివేళల సులభము కాదు. పూర్వము చిత్రకారులు మెత్తని రొట్టెముక్కతో బొగ్గుగీతలను తుడిచెడివారు. తేలికగా రాచినది పోవును. అదిమి రాచినదాని మరక నిలుచును. మానవుని దురభ్యాసములును అట్టివే. కావున తుడుచుటకంటె ముందుగా చేయి నిగ్రహించుట మేలు.

అట్లయిన నలుపు చెడ్డదా? కాదు. ఏమియు గీయని తెల్లకాగితమున దీపము కానరాదు. ఇష్టలింగమునకు పూతయు నల్లనిదే. కరస్థలమున నిలిపి దృష్టి సారించు భక్తునికి ఆ నలుపునందే దీపబిందువు మెరయును.

ఇచ్చట నొక ప్రమాదము కలదు. లోకమున దారిద్ర్యము లేనిచో దాత ప్రకాశింపడనియు, హీనులుండిననే ఉత్తములు తెలియుదురనియు వాదించువారు కలరు. ఈ వాదము చెల్లదు. కాగితమునకు నలుపు నొప్పి కలిగింపదు. మనుష్యునిపై బడిన చీకటి అతనిని నొప్పించును. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు కులభేదమును త్రోసిపుచ్చి, కాయకమును దాసోహమును ముడివేసి బోధించెను. దాసోహము స్వీకరించువానిని తక్కువ చేయదు. ఇచ్చువానిలోని 'నేను' అను భావమును తగ్గించును.

తన వెలుగు కనబడుటకై ఇతరులను నల్లబరుపనివాడు భక్తుడు. ఆపవలసినచోట చేయి నాపుటయు కాయకములోని భాగమే.