చెదరెడి మనస్సు దోషమా?

వర్తకుల ఇండ్లలో పిల్లలను గూర్చి ఒక మాట తరచుగా వినవచ్చును: "వాడికి తెలివికేమి తక్కువ? మనసు పెట్టడు, అంతే." గుడియాత్తంలో లుంగీల కొట్టు నడుపు ఇంటను, వేలూరు లాంగ్ బజారులో నగల అంగడి గల ఇంటను ఈ మాట ఒక్క తీరుగనే పలుకుదురు. ఆ పలుకులో కోపము కన్న బాధ ఎక్కువ. నోటిలెక్కను చిటికెలో చెప్పు కుర్రవాడు అదే లెక్కను కాగితముపై తప్పుచేయును. తాళముచెవులు ఎక్కడ పెట్టెనో ఎరుగడు. రొక్కపు పెట్టె తెరచియుంచి వీధిలో పోవు ఊరేగింపును చూడబోవును. బేరమున మాత్రము వాని నోటికి ఎదురులేదు. ఇట్టివాడు సోమరియా, అవిధేయుడా, లేక వేరేదైన కారణము కలదా అనునది పెంపకమునకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. "మనసు పెట్టడు" అన్న మాటలో నేరారోపణ కలదు. పెట్టగలిగియు పెట్టలేదని దాని అర్థము. కనుక ఇది ధర్మవిచారణలో చేరిన ప్రశ్న.

వైద్యులు ఈ స్థితిని ఏ.డి.హెచ్.డి. అందురు. అవధానలోపముతో కూడిన అతిచాంచల్యమని తెలుగున చెప్పవచ్చును. ఇది నేటి వింత కాదు. 1902లో జార్జి స్టిల్ అను బాలవైద్యుడు లండనులో తోటి వైద్యుల ఎదుట చేసిన ఉపన్యాసములలో, బుద్ధి సరిగానే ఉన్నను తమ్ము తాము నిగ్రహించుకొనజాలని బిడ్డలను వర్ణించెను. ఆయన దానిని నైతిక నియంత్రణలోని లోపమని పిలిచెను. పేరులోనే నీతి వచ్చి కూర్చున్నది! 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అను వైద్యుడు ఒక మందు నిచ్చినప్పుడు ఇట్టి బిడ్డలు కొందరు నెమ్మదించి చదువున ముందుకు పోవుట గమనించెను. 1980లో అమెరికా మనోవైద్యులు ఈ స్థితికి అవధానమును ముఖ్యముగా చెప్పు పేరిడిరి. ఇప్పుడు వాడుకలో నున్న పేరు 1987 నాటిది. నూరుగురు బిడ్డలలో ఇంచుమించు ఐదుగురికి ఇది యుండునని అంచనా. పెద్దవారిలో ఆ సంఖ్యలో సగము. కవలలపై జరిగిన పరిశీలనలను బట్టి, మనిషి ఎత్తు వలెనే ఇదియు అధికభాగము వంశపారంపర్యముగ వచ్చునని తేలినది. తల్లి గారాబమువలన వచ్చెనని నిందించు అత్తగారు ఈ సంగతి తెలిసికొనవలెను. ఆడపిల్లలలో ఇది తరచుగా గంతులు వేయక, కిటికీ వంక చూచుచు కూర్చుండును. అందుచేత వారిని ఎవరును గుర్తింపరు. మందమతి యని మాత్రము పేరు పెట్టుదురు.

పెద్దలు ఒక న్యాయమును చూపుదురు: "సెల్‌ఫోను ఇచ్చిన రెండు గంటలు కదలక కూర్చుండును. పుస్తకమిచ్చిన పది నిమిషములు కూర్చుండడు. కావున ఇది ఇచ్ఛకు సంబంధించినదే." ఈ న్యాయము పైకి గట్టిదే కాని సరియైనది కాదు. ఇట్టివారికి అవధానము లేకపోలేదు; అది చెప్పినచోటికి పోదు. క్రొత్తదనమున్నచోటికి, ఫలము వెంటనే చేతికందుచోటికి పోవును. నెల తరువాత వచ్చు పరీక్ష వారి మనస్సునకు ఆవలిగట్టున వెలుగు దీపము వంటిది. కనబడును గాని వెచ్చదనము తగులదు. కాలపు కొలత కూడ లోపల సరిగా నడువదు. "ఐదు నిమిషములలో వచ్చెదను" అన్నవాడు అబద్ధమాడుట లేదు. వాని ఐదు నిమిషములు వేరు.

ఇక్కడ జైనగృహస్థునకు ఒక చిక్కు కలదు. తెలుగువాడుకలో ప్రమాదమనగా ఆపద. శాస్త్రమున ప్రమాదమనగా ఏమరుపాటు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున బంధమునకు చెప్పిన ఐదు హేతువులలో ప్రమాదమొకటి. హింసను నిర్వచించుచోట కూడ ఏమరి చేయు క్రియనే మూలముగ నిలిపెను. అట్లైన పుట్టుకతోనే ఏమరుపాటు గల బిడ్డ పుట్టుకతోనే దోషియా?

శాస్త్రకారులు ప్రమాదమును పదునైదు విధములుగ లెక్కించిన పట్టిక ఒకటి కలదు: వ్యర్థప్రసంగములు నాలుగు, కషాయములు నాలుగు, ఇంద్రియములు ఐదు, నిద్ర, స్నేహము. ఇందులో మరపునకు చోటులేదు. ఇది చాలునని చెప్పి ముగింపవచ్చును గాని, అది నిజాయితీ కాదు. సామాయికవ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో స్మృతి నిలువకపోవుట ఒకటిగా ఉన్నది. కనుక మరపును శాస్త్రము లెక్కింపక విడువలేదు. అయితే ఏ ఖాతాలో లెక్కించెనో చూడవలెను. అతిచారము వేరు, అనాచారము వేరు. అనాచారము వ్రతభంగము. అతిచారము వ్రతములో పడిన మచ్చ. దానికి ప్రతిక్రమణము కలదు. చిట్టాలో ఒక అంకె తప్పుపడిన దిద్దుదురు గాని గుమాస్తాను దొంగ యనరు. గుణస్థానములలో ఆరవదియగు ప్రమత్తసంయతమునకు, ఏడవదియగు అప్రమత్తసంయతమునకు నడుమ మునీశ్వరుల మనస్సు సైతము ఉయ్యాల వలె మాటిమాటికి ఊగునని చెప్పిరి. మహావ్రతధారికే ఆ ఊగిసలాట ఉండగా, పదేండ్ల బాలునికి అచంచలత్వమును విధించుట ఎట్టి న్యాయము? ఇది జ్ఞానావరణీయ కర్మఫలమని ఎవరైన అందురేని, కానిండు. కంటిచూపు మందగించి పుట్టిన బిడ్డను ఎవరును తిట్టరు, కండ్లజోడు తెత్తురు.

అంతమాత్రమున బాధ్యత తొలగిపోదు. మరచిపోవుట వాని చేతిలో లేకపోవచ్చును. తాను మరచువాడనని తెలిసియు ఏర్పాటు చేసికొనకపోవుట వాని చేతిలోనిదే. ప్రమాదమన్న పేరు అక్కడ తగును. బిడ్డ చిన్నవాడైనచో ఆ ఏర్పాటు తలిదండ్రులది. జైనసంప్రదాయము సంకల్పబలమును ఎంత కొనియాడినను, సంకల్పమును ఒంటరిగ విడిచిపెట్టలేదు. సాధువు తన కంటిని మాత్రమే నమ్మి నడువడు. రజోహరణమో, నెమలి పింఛమో చేతనుండును. సామాయికమునకు కూర్చుండు శ్రావకుడు 48 నిమిషములను మనస్సుతో కొలువడు. ఇసుకగడియారమును ఎదుట పెట్టుకొనును. పరికరము పట్టినందున వ్రతము తక్కువైనదని ఎవరును అనలేదు.

అంగడిలో ఈ ఏర్పాట్లు కష్టమైనవి కావు. తాళములకు గోడపై ఒక మేకు, అదియు కంటికెదురుగ. చెప్పవలసిన పని ఒకసారి ఒకటి మాత్రమే, అదియు చీటీపై. నెలాఖరున ఖాతాలు సరిచూడుమనుట ఇట్టివానికి శిక్ష. ప్రతి సాయంకాలము దీపము పెట్టు వేళకు పది నిమిషములు రోజుచిట్టా చూచుట అలవాటగును. మెప్పు కూడ అప్పటికప్పుడే చెప్పవలెను. దీపావళికి చెప్పెదమని దాచినది పనికిరాదు. ఆటపాటలు, వేళకు నిద్ర చాల మేలుచేయును. చిన్నబిడ్డను 48 నిమిషములు కదలక కూర్చుండబెట్టి, కదలినందుకు కొట్టి, ధర్మము నేర్పితిమనుకొను పెద్దలు కలరు. వారు నేర్పినది ధర్మముపై విసుగు. ఒక జపమాల బిగ్గరగ త్రిప్పించి లేవనిచ్చినచో మరునాడు తానే వచ్చును. దానికి సామాయికమని పేరు పెట్టనక్కరలేదు. పెద్దయైన తరువాత అన్న ఖాతాలును, తమ్ముడు బేరమును చూచుకొను పొత్తులు ఎన్నో చక్కగా సాగినవి. తమ్ముని కూడ ఖాతాల ముందే కూర్చుండబెట్టిన చోట్ల బాకీలు, కలహములు మిగిలినవి.

వైద్యుని వద్దకు పోవుటకు ఈ సీమవారు దూరము పోనక్కరలేదు. వేలూరు సి.ఎం.సి. వారి మానసిక ఆరోగ్య కేంద్రము 1957లో బాగాయంలో వెలసినది. రోగితోపాటు ఇంటివారును ఉండి చికిత్సలో పాల్గొను పద్ధతి తొలినాళ్ళనుండియు అక్కడ ప్రసిద్ధము. మిథైల్‌ఫెనిడేట్ అను మందు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద నియంత్రణకు లోబడినదని విని పలువురు జంకుదురు. వైద్యుని పర్యవేక్షణలో, ఆకలి, నిద్ర, ఎదుగుదల గమనించుచు ఇచ్చినచో అది అనేకులకు మేలు చేసినది, అందరికిని అక్కరలేదు. కొన్ని మందులు క్యాప్సూళ్ళుగ వచ్చును. ఆ పైతొడుగు చాలవరకు జంతువులనుండి తీసిన జెలటిన్. జైనకుటుంబము ఆ సంగతి ముందే చెప్పి మాత్రగా దొరకునదేమో అడుగుటలో తప్పులేదు. అడుగుటకు సిగ్గుపడి మందునే మానుట తప్పు. సంబంధములు కుదరవను భయముతో మొత్తము దాచిపెట్టువారును కలరు. దాచిన మాట పెండ్లినాటికి అప్పువలె వడ్డీతో వచ్చును, చెల్లించునది ఏమియు తెలియని కోడలో, అల్లుడో.

వైద్యుడు బడి సంగతియు, ఇంటి సంగతియు రెండును అడుగును. ఒక్కచోట మాత్రమే అల్లరి యైనచో అది ఈ స్థితి కాకపోవచ్చును. పండ్రెండేండ్లలోపే లక్షణములు కనబడెనా అనియు అడుగును. వంశమున ఎవరికైన ఇట్లుండెనా అన్నప్పుడు తండ్రి లేదని తల ఊపును. ప్రక్కన నానమ్మ యున్నచో, ఆయన పదేండ్లనాడు దుకాణపు తాళముచెవులను ఎన్నిసార్లు పోగొట్టెనో ఆమె చెప్పును.