ఏమీ జరగని సాయంత్రాలు

తెల్లవారుజామున హైదరాబాదులోని కోఠి దాదాపు ఖాళీగా ఉంటుంది. దించిన షట్టర్ల ముందు పేపర్ల కట్టలు విప్పుకునే కుర్రాళ్లు, మొదటి సిటీ బస్సు కోసం క్యారేజీ పట్టుకుని నిలబడ్డ ఎవరో ఒకరు. ఆ వేళప్పుడు చూస్తే ఈ చోటికి జ్ఞాపకాలేమీ లేవనిపిస్తుంది.

కానీ ఉన్నాయి. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కులోనూ, ఇక్కడ గోకుల్ చాట్ దుకాణం దగ్గరా కొద్ది నిమిషాల తేడాతో బాంబులు పేలాయి. 40 మందికి పైగా పోయారు. పార్కులో ఉన్నవాళ్లు లేజర్ షో చూస్తున్నారు. వాళ్లలో మహారాష్ట్ర నుంచి యాత్రకొచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులున్నారు. ఇక్కడివాళ్లు చాట్ తింటున్నారు.

శనివారం సాయంత్రం, చేతిలో ఒక ప్లేటు, పక్కన నలుగురు స్నేహితులు. ఈ నగరంలో చిన్న జీతాల సంతోషం ఇంచుమించు అంతే. దెబ్బ వచ్చి సరిగ్గా దానిమీదే పడింది.

అందుకేనేమో, ఆ తర్వాత మారినవి కూడా చిన్న విషయాలే. బస్సులో సీటు కింద ఉన్న సంచి, గోడకానించిన సైకిలు, ఎవరో మరిచిపోయిన టిఫిన్ బాక్సు. అప్పటిదాకా ఎవరి కంటా పడని వస్తువులు ఉన్నట్టుండి కళ్లకు అడ్డం రావడం మొదలుపెట్టాయి. "ఈ బ్యాగెవరిది?" అని బస్సులో ఎవరో ఒకరు అడగడం పాత సంగతే. మునుపు కాస్త చోటు కోసం అడిగేవాళ్లు. ఆ రోజుల్లో అడిగిన గొంతు వేరు. "నాదే బిడ్డా, బియ్యమే" అంటూ ఓ ముసలమ్మ సంచిని ఒళ్లోకి లాక్కుంది. సంచిలో ఏముందని ఎవరూ అడగలేదు. అయినా చెప్పుకోవాలనిపించింది ఆమెకు.

అనుమానపు చూపు అందరిమీదా ఒకేలా పడలేదు కూడా. ఆ ఏడాదే మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిన పాతబస్తీ యువకుల్లో చాలామంది చివరికి నిర్దోషులుగా బయటికొచ్చారు. పోయిన పేరు, పోయిన చదువు, పోయిన కొలువు మాత్రం ఏ తీర్పుతోనూ పూర్తిగా తిరిగిరావు. విషాదం తాకినవాళ్ల లెక్కలో వాళ్లు కూడా ఉన్నారా? ఏ జాబితాలోనూ కనపడరు మరి.

తర్వాత 2013 ఫిబ్రవరి 21. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర, ఒకదానికొకటి కూతవేటు దూరంలో రెండు సైకిళ్లకు అమర్చిన బాంబులు పేలాయి. అది కోచింగ్ సెంటర్ల, హాస్టళ్ల పేట. రేపటి ఉద్యోగాన్ని తలుచుకుంటూ ఇరుకు గదుల్లో బతికే పిల్లల పేట. ఆ ఏడాదే చట్టం వచ్చింది. 100 మంది చేరే చోటల్లా కెమెరాలు ఉండాలన్నారు. సినిమా హాళ్లకు, మాల్స్‌కు మెటల్ డిటెక్టర్ల ద్వారాలు వచ్చాయి.

ఇప్పుడా ద్వారం గుండా ఎవరు నడిచినా అది కుయ్యిమంటుంది. జేబులో తాళాలున్నా, నడుముకు బెల్టున్నా అంతే. ఎవరూ తల తిప్పరు. గార్డు చేతిలోని కర్రలాంటి పరికరాన్ని నడుము దగ్గర ఒకసారి ఆడించి, చూపు మటుకు వెనక వస్తున్న మనిషి మీద పెడతాడు. భయంతో మొదలైన పని చూస్తూ చూస్తూ అలవాటుగా మారిపోయింది. అది మంచిదో చెడ్డదో తేలదు. భయం ఎల్లకాలం భయంగానే నిలిస్తే ఏ ఊళ్లోనూ ఎవరూ నిద్రపోలేరు. పూర్తిగా చచ్చిపోతే మాత్రం ఆ ద్వారం అక్కడెందుకు?

పేలుళ్లు జరిగిన ఆ సాయంత్రాల్లోనే ఇంకొక రకం చూపు కూడా పుట్టింది. ఫోన్లు కలవని రాత్రులవి. ఊళ్లో ఉన్న తల్లికి హైదరాబాదు అంతా ఒకటే. కోఠి ఎక్కడో కూకట్‌పల్లి ఎక్కడో ఆమెకు తెలియదు. "నువ్వు అటువైపు పోలేదు కదా నాయనా?" అని అడగడానికి ఎన్నిసార్లు నంబరు నొక్కి ఉంటుందో. గదిలో పక్కమంచం మీదివాడు ఇంకా రాలేదని అంతవరకూ పట్టించుకోని కుర్రాడు ఆ రాత్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పేరు తెలియని ఎదురింటావిడ "మీవాళ్లంతా వచ్చేశారా?" అంది.

సంచి ఎవరిదని అడిగిన రోజులూ, మీవాళ్లు వచ్చారా అని అడిగిన రోజులూ అవే. రెండూ మనిషి మీద దృష్టి పెట్టడమే. మొదటిదానికి చట్టం వచ్చింది, కెమెరా వచ్చింది, జీతమిచ్చి పెట్టుకున్న మనుషులొచ్చారు. రెండోదానికి ఏ ఏర్పాటూ రాలేదు. "చేరగానే ఒక ఫోన్ చెయ్యి" అనే మాటలో ఎంత మిగిలిందో అంతే మిగిలింది.

చాట్ దుకాణం మళ్లీ తెరిచారు. జనం మళ్లీ వచ్చారు. అది మరిచిపోవడమా, ధైర్యమా, ఉత్త ఆకలా? మూడూ కొద్దికొద్దిగా కలిసి ఉండొచ్చు. మొదటిసారి ప్లేటు చేతిలోకి తీసుకున్నవాళ్లు ఒక్క క్షణం చుట్టూ చూసి ఉంటారు. ఆ తర్వాత పెరుగు, చట్నీ, ఉల్లిపాయ ముక్కలు, పక్కవాడి కబుర్లు. నాలుక తన పని తాను చేసుకుపోతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఉందా అని అనిపించినా, ఎవరో ఒకరు వచ్చి తినకపోతే ఆ చోటు చావుకే మిగిలిపోయి ఉండేది కదా అనీ అనిపిస్తుంది.

అందరి గడియారాలూ ఒకేలా నడవవు. రోడ్డు కొద్ది రోజుల్లోనే తేరుకుంది. 2007 ఆగస్టు పేలుళ్ల కేసులో తీర్పు రావడానికి 2018 సెప్టెంబరు దాకా పట్టింది. కన్ను పోయినవాళ్లకు, ఇంట్లో ఒక కంచం తగ్గినవాళ్లకు ఏ నెలా గడువు కాదు. నగరం కోలుకుంది అని తేలిగ్గా అనేస్తుంటారు. ఆ మాట ఎవరి తరఫున అంటున్నారో ఆలోచిస్తే గొంతు కాస్త తగ్గుతుంది.

ఈ ఊరికి రోజూ కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు. ఈ ఏడాది దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టలు గది వెతుక్కునే పిల్లలకు 2013 నాటికి అక్షరాలు కూడా సరిగా వచ్చి ఉండవు. స్తంభం మీది కెమెరా వాళ్లకు స్తంభంలో భాగమే. వాళ్లకు ఈ కథ చెప్పి దిగులు పుట్టించాలా? చెప్పకుండా ఊరుకుంటే పోయినవాళ్లకు అన్యాయం జరుగుతుందా? ఎటూ పాలుపోదు.

ఒక్కటి మాత్రం మనసులో తిరుగుతూ ఉంటుంది. పేలుళ్ల తేదీలను అందరూ రాసిపెట్టుకున్నారు. వాటి మధ్యా, వాటి తర్వాతా గడిచిన వేల సాయంత్రాలను ఎవరూ రాసుకోలేదు. బస్సు ఆలస్యంగా వచ్చింది, చాట్‌లో కారం ఎక్కువైంది, అందరూ ఇల్లు చేరారు. తృప్తి అంటూ ఉంటే అలాంటి సాయంత్రాల్లోనే ఉండి ఉండాలి. గడుస్తున్నప్పుడు మాత్రం అది తృప్తి అని తెలియదు. పోయేంత దగ్గరికి వెళ్లినప్పుడే తెలుస్తుంది. అలా పోగొట్టుకునే దాకా వెళ్లకుండానే ఒక మామూలు శనివారాన్ని గుర్తుపట్టడం మనిషికి సాధ్యమేనా? ఎవరికైనా సాధ్యపడే ఉంటుంది. అలాంటివాళ్లు దాన్ని గురించి ఎక్కువగా మాట్లాడరేమో.