బెంచీ మీద చోటు

దయ నేర్పితే వచ్చేదేనా? పిల్లల్ని వరసగా నిలబెట్టి ‘తోటివారిని ప్రేమించాలి’ అని పలికిస్తే ప్రేమ పుడుతుందా? ఈ ప్రశ్న నాకు గాంధారిలో, చిన్నప్పటి తరగతి గదిలో ఎదురైంది. అప్పుడు మాది నిజామాబాద్ జిల్లా. 2016 నుంచి కామారెడ్డి జిల్లా.

మా ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. ఒకరోజు ‘మా అమ్మీ వచ్చిండు’ అన్నాను. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు పోయి ‘సాయిబు’ మిగిలింది.

మనం సాధారణంగా ఇక్కడిదాకా రాసి ఆపేస్తాం. గాయం చూపించి కలం మూస్తాం. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి.

ఆరో తరగతిలో తండా నుంచి ఒక పిల్లగాడు వచ్చాడు. మా ఊరి చుట్టూ లంబాడా తండాలు చాలా ఉన్నాయి. వాడికి నా అంత తెలుగు కూడా రాదు. వాడు పాఠం చదవడానికి లేస్తే అందరికంటే ముందు నవ్వింది నేనే. ఆ రోజు నన్నెవరూ సాయిబు అనలేదు. నవ్వేవాళ్ల బెంచీ మీద నాకింత చోటు దొరికింది. వాడు ఒక్కడే గోడ పక్కన కూర్చున్నాడు.

కొన్నాళ్లకు కొత్త సారు వచ్చాడు. ‘నీళ్లను మీ ఇంట్లో ఏమంటరు?’ అని ఒక్కొక్కరినీ అడిగాడు. నేను ‘పానీ’ అన్నాను. తండా పిల్లగాడు మెల్లగా ‘పాణి’ అన్నాడు. సారు ‘నీళ్లు’ పక్కన ఆ రెండూ రాసి ఊరుకున్నాడు. నీతి ఏమీ చెప్పలేదు. బోర్డు చూస్తూ నేను సిగ్గుతో చచ్చిపోయాను. నేను వెక్కిరించిన భాష మా ఇంటి భాషకు అంత దగ్గరిది!

1999లో అచ్చయిన తన ఆత్మకథలో అబ్దుల్ కలాం రామేశ్వరం బడి సంగతి చెప్పాడు. టోపీ పెట్టుకున్న ముస్లిం పిల్లవాడు పూజారి కొడుకు రామనాథశాస్త్రి పక్కన కూర్చోవడం కొత్త మాస్టారు సహించలేదు. కలాంను వెనక బెంచీకి పంపాడు. రామనాథుడు ఏడ్చాడు. అతని తండ్రి లక్ష్మణశాస్త్రి మాస్టారును పిలిపించి మందలించాడు. మాస్టారు మారాడు. నన్ను కదిలించింది ఆ రామనాథుడి ఏడుపే. తన చోటు భద్రంగా ఉండగానే పక్కవాడి చోటు కోసం ఏడ్చాడు. నేను ఆ పని చేయలేదు.

పెద్దలే దారి తప్పితే? 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్ ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక టీచరు ముస్లిం పిల్లవాణ్ణి తోటి పిల్లలతో చెంపదెబ్బలు కొట్టించింది. సంగతి సుప్రీంకోర్టుదాకా పోయింది. బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. చట్టం కొట్టే చేతిని ఆపగలదు. బెంచీ మీద కాస్త జరిగి ‘ఇటు రా, కూసో’ అనే పని మాత్రం పక్కనున్న పిల్లవాడే చేయాలి. టీచరు పిలిచే పిలుపులో, కూర్చోబెట్టే తీరులో, ఎవరి మాటకు నవ్వనిస్తుందో ఎవరి మాటకు నవ్వనివ్వదో అందులో పిల్లలు దాన్ని నేర్చుకుంటారు.

మరి మన సంగతి? నన్ను నా పేరుతో పిలవమని అడిగే హక్కు నాకుంది. కానీ నేను నలిగాను కాబట్టి ఇంకొకరిని నలిపినా తప్పు లేదని ఆ హక్కు చెప్పదు. నాకు రావలసింది అడిగేటప్పుడు, తండా పిల్లగాడికి నేను పడ్డ బాకీ కూడా లెక్కలో ఉండాలి. దెబ్బ తిన్నవాడు దానంతటదే దయగలవాడు అయిపోడు. అవునో కాదో వాడే తేల్చుకోవాలి.

ఏడో తరగతి మొదలయ్యేసరికి వాడు బడికి రాలేదు. మేకలు కాయబోయాడన్నారు. మేకల వల్లనే మానేశాడా, మా నవ్వుల వల్లా? ఇన్నేళ్లయినా అడగడానికి నేను ఆ తండాకు పోలేదు.