ఓర్చుకోవడం అంటే నోరు మూసుకోవడమా?



మన ఇళ్లలో జబ్బు చేస్తే రెండు మాటలు వినపడతాయి. ఒకటి, "పోయిన జన్మల చేసుకున్న కర్మ" అని. పూర్వజన్మ కర్మను బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో తోసిపుచ్చారు కాబట్టి ఆ మాటను మనం వదిలేశాం. రెండోది, "ఓర్చుకోవాలె" అని. దీన్ని వదల్లేదు సరికదా, ఖంతి అని పాళీ పేరు పెట్టి ఇంకా గట్టిగా చెప్తున్నాం. ఈ మాటతో నేను చేసిన తప్పు ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

చర్ల దగ్గర అడవి అంచు ఊళ్లో ఉండే మా తమ్ముడి వరస అతనికి ఊపిరితిత్తుల టీబీ వచ్చింది. ఆరు నెలలు రోజూ మందులు మింగాలి. రెండో నెలలో నాతో అన్నాడు: "అన్నా, కడుపుల తిప్పుతుంది. మూత్రం ఎర్రగ వస్తుంది. అరికాళ్లు మంటలు." నేను మీటింగు హడావుడిలో ఉన్నా. "ఓర్చుకో తమ్ముడూ, ఖంతి అంటే ఇదే" అనేశాను.

ఆ తర్వాత అతను నాకు ఏ బాధా చెప్పలేదు. మళ్లీ దగ్గులో నెత్తురు పడ్డాక వాళ్లమ్మ ఇంటి చూరులోంచి మింగని మాత్రల పట్టీలు తీసి నా ముందు పెట్టింది.

మందు ఆపింది అతనే. కానీ నోరు మూయించింది నేను.

వినయపిటకంలో ఒక సంగతి ఉంది. విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును తోటివాళ్లు పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా అతన్ని కడిగి పడుకోబెట్టాడు. ఈ కథ మనం తరచూ చెప్పుకుంటాం. ఆ వెంటనే బుద్ధుడు చెప్పింది మాత్రం ఎక్కువగా చెప్పుకోం. సేవ చేయడానికి వీలైన రోగి ఎట్లుంటాడు? మందు వేసుకుంటాడు, నొప్పి ఓర్చుకుంటాడు, తన బాధ పెరిగిందో తగ్గిందో సేవ చేసేవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్తాడు. ఓర్చుకోవడం, చెప్పుకోవడం ఒకే వరుసలో ఉన్నాయి చూడండి. నేను ఒకటి పట్టుకుని ఇంకోటి వదిలేశాను. సేవ చేసేవాళ్లకూ అక్కడే షరతు ఉంది: వాంతిని, మలమూత్రాలను చూసి అసహ్యపడకూడదు. అంటే వినడానికి కూడా అసహ్యపడకూడదు.

ఆ రోజు నేను విని ఉంటే ఏం చెప్పాల్సింది? మూత్రం ఎర్రబడేది రిఫాంపిసిన్ రంగు వల్ల, దానికి భయం లేదు. అరికాళ్ల మంట ఐసోనియాజిడ్ వల్ల రావచ్చు, దానికి బి6 మాత్ర ఉంది. వికారం ఉంటే మాత్రలు ఎప్పుడు, ఎట్లా వేసుకోవాలో ఆశా కార్యకర్తను అడగాలి. కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. మందు ఆపాలా, మార్చాలా అనేది డాక్టరు చెప్పాలి. మనంతట మనం సగంలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. ఇప్పసారా ముట్టకూడదు, ఈ మందులతో అది కాలేయాన్ని పాడుచేస్తుంది. మన పంచశీలలో అయిదోది ఇక్కడ ప్రాణం కాపాడుతుంది.

1956లో, బాబాసాహెబ్ నాగపూర్‌లో దీక్ష తీసుకున్న ఏడాదే, మద్రాసులో టీబీ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్న పేదలకు ఇంటి దగ్గరే మందులిచ్చినా శానటోరియంలో ఉన్నవాళ్లతో దాదాపు సమానంగా నయమవుతుందని 1959లో లోకానికి చూపించింది. అయితే ఆ ఇళ్లకు వెళ్లి, మందులు మింగుతున్నారా అని కనుక్కునే మనుషులున్నారు. మన గూడేల్లో ఆ మనిషి ఎవరు? నెలకు వెయ్యి రూపాయల పోషణ డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. "ఇయ్యాల ఎట్లుంది తమ్మీ?" అని అడగాల్సింది మనమే.

మా తమ్ముడికి మళ్లీ పరీక్ష చేస్తే క్రిములు ఇంకా మందుకు లొంగేవే అని తేలింది. మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఫోన్ చేస్తా. బాగుందా అని అడగను. ఇవాళ ఎక్కడ బాధగా ఉందని అడుగుతా.

ఈ వారం వందనం అయ్యాక మీ ఊళ్లో మందులు మింగుతున్న ఒక మనిషి దగ్గరికి పోయి కూర్చోండి. ధమ్మం చెప్పే ముందు వినండి.

నమో బుద్ధాయ.