ఆచార్యుడు మారినను ఆశ్రయము మారదు

ఒక ఆలయమున ఒకే అర్చకస్వామి ముప్పది, నలుబది సంవత్సరములు సేవ చేసిన పిమ్మట వార్ధక్యముచేత విరమించుటయో, పరమపదించుటయో సంభవించును. ఆయన స్థానమున మరియొకరు వత్తురు. మరునాడు ప్రాతఃకాలమున గంట యథాప్రకారము మ్రోగును, హారతి వెలుగును, తీర్థప్రసాదములు అందరికిని అందును. అయినను గర్భాలయద్వారము ముందు నిలిచినవారి మనస్సులలో ఏదో వెలితి. వెనుకటి స్వామి గోత్రనామములు అడుగకయే సంకల్పము చెప్పెడివారు. ఏ యింటి బిడ్డకు అన్నప్రాశనము జరిగినదో, ఏ యింట పెద్దదిక్కు పోయినదో ఆయనకు తెలియును. క్రొత్తవారు "మీ గోత్రమేమి?" అని అడుగగానే, తరతరములుగ ఆ గుడికి వచ్చుచున్న కుటుంబములోని వృద్ధునికి తాను అక్కడ పరాయివాడైనట్లు తోచును.

ఈ బాధను తేలికగ త్రోసివేయరాదు. అది ప్రేమనుండి పుట్టినది. కాని ఆ బాధ వెంటనే కొన్ని ప్రశ్నలు లేచును. క్రొత్తవారిని ఆదరించుట పాతవారిపట్ల కృతఘ్నత యగునా? ఇన్నాళ్లు మనము ఆశ్రయించినది భగవంతునా, భగవంతుని చూపిన వ్యక్తినా? అంతయు ఆయన సంకల్పమే యని నోట పలుకువారు, ఆ సంకల్పము తమకు ప్రియమైనదానిని మార్చినప్పుడు ఎట్లు ప్రవర్తింపవలెను?

ఈ ప్రశ్నలు నేటివి కావు. గర్భాలయమున అర్చించు అర్చకుడు వేరు, తత్త్వమును బోధించు ఆచార్యుడు వేరు. అయినను వారిరువురియందును భక్తుడు పెంచుకొను మమకారము ఒక్కటే. అందుచేత ఆచార్యపీఠము చేతులు మారిన ఒక సందర్భమును స్మరించినచో ఈ సంశయములకు సమాధానము లభింపగలదు. ఆళవందారులని ప్రసిద్ధులైన యామునాచార్యుల పిమ్మట భగవద్రామానుజులు శ్రీరంగమునకు వచ్చిన వృత్తాంతమే అది. గురుపరంపరాచరిత్రలు దానిని శ్రద్ధతో భద్రపరచినవి.

సంప్రదాయగణన ననుసరించి రామానుజుల అవతారము 1017వ సంవత్సరమున జరిగినది. వారు కాంచీపురమున యాదవప్రకాశులవద్ద విద్యాభ్యాసము చేయుచుండగా ఆళవందారులు దూరమునుండియే చూచి, సంప్రదాయమునకు నాయకుడు కావలసినవాడు ఇతడే యని నిశ్చయించి, వరదరాజస్వామిని ప్రార్థించి మరలిపోయిరట. తరువాత తమ అంత్యదశ సమీపించుచున్నదని యెరిగి, శిష్యులైన పెరియనంబిని కంచికి పంపిరి. రామానుజులు ఆయనవెంట ఆతురతతో బయలుదేరిరి. వారు శ్రీరంగము చేరుసరికి కావేరీతీరమున కనబడినది ఆచార్యుల చరమవిగ్రహము. ఒక్క మాటయైనను వినకయే, ఒక్కసారియైనను ఆ పాదములకు మ్రొక్కకయే ఆ సమావేశము ముగిసినది.

ఆ దేహముయొక్క కుడిచేతి వ్రేళ్లు మూడు ముడుచుకొని యుండెనట. అవి ఆచార్యుల మనస్సున నెరవేరక మిగిలిన మూడు కోరికలని రామానుజులు గ్రహించిరి. బ్రహ్మసూత్రములకు భాష్యము రచించుట మొదలైన మూడు ప్రతిజ్ఞలను వారు ఒక్కొక్కటిగ పలుకగా, ఒక్కొక్క వ్రేలే తెరచుకొనెనని ఐతిహ్యము. ఈ కథలో తరచుగ మనము ఆశ్చర్యమును మాత్రమే చూతుము. కాని అందులో ఒక ధర్మము కలదు. క్రొత్తగ వచ్చినవాడు మొదట పాతవారి అసంపూర్ణకార్యమును తలకెత్తుకొనెను. తన ఆలోచనలను చాటుకొనుటకు ముందు, ముడుచుకొనియున్న ఆ వ్రేళ్లను చూచెను. ఏ స్థానమునకైనను క్రొత్తగ వచ్చువారు నేర్వవలసిన మొదటి పాఠమిది.

మరియొక విషయము. ఆనాడు రామానుజులు శాంతచిత్తముతో శ్రీరంగనాథుని సేవించి మరలలేదు. ఆచార్యులతో ఒక్కదినమైనను కలసియుండు భాగ్యము నొసగని స్వామిపై అలిగి, దర్శనమైనను చేయక కంచికి వెళ్లిపోయిరని పెద్దలు చెప్పుదురు. దుఃఖము భక్తికి విరుద్ధము కాదు. అలుకయు విశ్వాసమునకు లోపము కాదు. తనవానిపైననే గదా ఎవడైనను అలుగును! అందుచేత మార్పువేళ కలుగు బాధను దాచుకొని నవ్వవలెనని శాస్త్రము కోరదు. ఆ బాధ ఎదుటివారిపై ద్వేషముగ మారకుండుటయే కోరునది.

ఇక శ్రీరంగములోని పెద్దల స్థితిని ఆలోచింపవలెను. ఆళవందారుల పాదములచెంత సంవత్సరములతరబడి విన్నవారు పలువురు అచ్చట నుండిరి. వారు వయస్సున, అనుభవమున పెద్దలు. ఆచార్యులతో ఒక్కమాటయైనను ఆడని యువకుని తమకు నాయకునిగ స్వీకరించుట వారికి సులభమై యుండునా? అయినను వారే పూనుకొని ఆయనను కోరి తెచ్చుకొనిరి. పెరియనంబి మధురాంతకమున ఎదురై పంచసంస్కారములు గావించిరి. రామానుజులు సన్న్యాసము స్వీకరించిన పిమ్మట తిరువరంగప్పెరుమాళ్ అరయరు కంచికి పోయి, వరదరాజస్వామి సన్నిధిని గానము చేసి, స్వామి మెచ్చి వరమిచ్చునప్పుడు రామానుజులనే అర్థించి తోడ్కొనివచ్చిరి. కంచి విడువలేక విడిచినది. శ్రీరంగము ప్రార్థించి పొందినది.

స్వాగతము పూర్ణకుంభముతో ముగియలేదు. ఆళవందారులు తమ జ్ఞానమును శిష్యులలో పంచియుంచిరి. పెరియనంబి, తిరుక్కోట్టియూర్ నంబి, తిరుమలైయాండాన్, అరయరు, తిరుమలనంబి అను ఐదుగురును తాము పొందినదానిని రామానుజులకు అప్పగించిరి. తిరుక్కోట్టియూర్ నంబి రహస్యార్థమును ఉపదేశించుటకు పదునెనిమిదిమార్లు త్రిప్పుకొనిరి. రామానుజులు విసుగక పదునెనిమిదిమార్లు నడచిరి. తిరుమలనంబి తిరుపతిలో కొండక్రింద ఒక సంవత్సరము రామాయణార్థములను బోధించిరి. పెద్దలు తమయొద్ద నున్నది దాచుకొనలేదు. వచ్చినవారు తమకు తెలిసినదే చాలునని తలంపలేదు.

అయినను ఘర్షణ రాకపోలేదు. తిరుమలైయాండాన్ తిరువాయ్మొళికి అర్థము చెప్పుచుండగా రామానుజులు ఒకచోట వేరొక అర్థమును విన్నవించిరి. ఆళవందారులు అట్లు చెప్పియుండలేదని ఆండాన్ నొచ్చుకొని పాఠము నిలిపివేసిరి. "వెనుకటివారు ఇట్లు చేయలేదు" అను మాట నేటి దేవాలయములలోను ఎంతగ వినబడునో చెప్పనక్కరలేదు. అప్పుడు తిరుక్కోట్టియూర్ నంబి వచ్చి, ఆ అర్థమును తాను ఆళవందారులవద్ద విన్నానని తెలిపి, పాఠము మరల సాగునట్లు చేసిరి. ఆచార్యులను ఎన్నడును సేవింపని మీకు వారి భావము ఎట్లు తెలియునని మరియొకమారు ప్రశ్న రాగా, తాను ఆళవందారులకు ఏకలవ్యునివంటి శిష్యుడనని రామానుజులు బదులిచ్చిరట.

ఆండాన్ స్వార్థపరులు కారు. గురువుగారి మాటకు హాని కలుగునేమోయని భయపడినవారు. కాని ఆ భయములో చిన్న పొరపాటు కలదు. తాను విన్నంతమాత్రమే గురువు అని వారు తలంచిరి. గురువు తాను విన్నదానికంటె పెద్దవారు కావచ్చునని, తనకు చెప్పనిది మరియొకరికి చెప్పియుండవచ్చునని తోచినప్పుడు వారి మనస్సు తెరపినబడెను. పాతవారిని మనము ప్రేమించునప్పుడు జరుగు పొరపాటు తరచుగ ఇదియే. వారి కంఠస్వరమును, వారి చేతివాటమును పట్టుకొందుము. వారు ఎవరిని చూపుచుండిరో ఆ వైపు చూచుట మరతుము.

క్రొత్తవారు చేయునదంతయు తలయొగ్గి అంగీకరింపవలెనా యని ప్రశ్న పుట్టును. అట్లు కాదు. ఆలయమునకు ఆగమము కలదు. సంప్రదాయమునకు ప్రమాణములు కలవు. ఆచారమునకు మూలమైనది మారినచో పెద్దలు అడుగవలెను, వచ్చినవారు బదులు చెప్పవలెను. ఆండాన్ అడిగిరి, సమాధానము ప్రమాణముతో లభించినది, పాఠము సాగినది. అడుగుట తప్పు కాదు. సమాధానము దొరకిన తరువాతను ముఖము ముడుచుకొనుటయే తప్పు. శరణాగతికి చెప్పబడిన ఐదు అంగములలో అనుకూలముగ నుండుటకు సంకల్పము, ప్రతికూలమును విడుచుట మొదటి రెండు. ఆయన తప్పక రక్షించునను మహావిశ్వాసము మూడవది. భగవంతుడే చూచుకొనునని ఊరకుండి, వెనుక గుసగుసలాడువాడు మూడవదానిని పేరునకు పట్టుకొని మొదటి రెంటిని విడిచినవాడు. విశ్వాసము హృదయములో నున్నదనుటకు గురుతు, ఎదుటివానిపట్ల చూపు ఓర్పు.

శ్రీరంగముననే ఓర్పులేనివారు కొందరుండిరి. ఆలయమునకు సంబంధించిన ఒకడు రామానుజుల భిక్షలో విషము కలిపించెనని చరిత్రలు చెప్పుచున్నవి. అది తెలిసి రామానుజులు ఆహారము మానిరి. వార్త విని తిరుక్కోట్టియూర్ నంబి వచ్చుచుండగా, రామానుజులు ఎదురేగి కావేరీతీరమున మండుచున్న ఇసుకపై సాష్టాంగపడిరి. నంబి లెమ్మనలేదు. శిష్యుడైన కిడాంబి ఆచ్చాన్ తాళలేక, గురువుగారిని లేవనెత్తి, ఇదియెక్కడి కాఠిన్యమని నంబినే నిలదీసెను. నంబి సంతోషించి, ఇట్టివాని కొరకే చూచుచుంటినని పలికి, ఇకపై రామానుజులకు వంట చేయు కైంకర్యమును అతనికే అప్పగించిరి. క్రొత్తగ వచ్చినవారిని పొగడు నాలుకలు అనేకములు దొరకును. వారు కాలుచున్న ఇసుకపై ఉన్నారని గమనించి, చేయి పట్టి లేవనెత్తి, పట్టెడన్నము వండిపెట్టువాడు ఒక్కడున్నను ఆ స్వాగతము సార్థకమే.

మనుష్యుల మాట అట్లుండగా, భగవంతుడు తన అర్చామూర్తులయందే ఈ తత్త్వమును చూపినాడు. వైఖానసాగమము ధ్రువ, కౌతుక, స్నపన, ఉత్సవ, బలి అను పంచబేరములను చెప్పును. కదలనిది ధ్రువమూర్తి; భక్తులకొరకు వీధులకు వచ్చునది ఉత్సవమూర్తి. తిరుమలలో పూర్వము ఉత్సవమూర్తిగ ఊరేగినది ఉగ్రశ్రీనివాసుడు. ఒక ఉత్సవమున అగ్నిప్రమాదము సంభవింపగా, స్వామి ఆజ్ఞచే కొండలలో వెదకి, శ్రీదేవీభూదేవీసహితుడైన మలయప్పస్వామిని కనుగొని తెచ్చిరని ఐతిహ్యము. 1339వ సంవత్సరపు శాసనమున ఆ స్వామి ప్రస్తావన కలదు. ఆనాడు కొండపై నున్నవారికి ఆ మార్పు సామాన్యమైనదా? చిన్ననాటినుండి వీధులలో చూచి మ్రొక్కిన రూపము లోపల నిలిచిపోయి, మరియొక రూపము వాహనమెక్కినది. నేడు మలయప్పస్వామి లేని బ్రహ్మోత్సవమును ఎవరైనను ఊహింపగలరా? అట్లని ఉగ్రశ్రీనివాసుని మరువలేదు. కైశికద్వాదశినాడు సూర్యోదయమునకు ముందు ఆయనకు ఊరేగింపు జరుగుచునే యున్నది. క్రొత్తదానిని హృదయపూర్వకముగ స్వీకరించుట, పాతదానిని గౌరవముతో నిలుపుకొనుట రెండును ఒకేచోట ఒదుగునని ఆ కొండయే చెప్పుచున్నది. ఈ రెంటికిని వెనుక ధ్రువమూర్తి కదలక నిలిచియే యున్నాడు.

శ్రీవైష్ణవ గురుపరంపర శ్రీమన్నారాయణునితోనే ఆరంభమగును. మొదటి ఆచార్యుడు ఆయనయే. తక్కినవారందరును ఆయన చేతినుండి అందుకొని, మరియొకరి చేతికి అందించువారు. చేయి మారినంతమాత్రమున తీర్థము మారదు.

నూతన అర్చకస్వామి ప్రవేశించిన దినమున విరమించిన వృద్ధార్చకుడు మెల్లగ వచ్చి, భక్తులతోపాటు వరుసలో నిలిచి, తన గోత్రనామములు తానే చెప్పుకొని, ఆ క్రొత్త చేతినుండి తీర్థము పుచ్చుకొని కన్నుల కద్దుకొనిన ఆలయము ధన్యము. ఆ దృశ్యమును చూచినవారికి వేరొక ఉపదేశముతో పనిలేదు. అట్టి వినయమును వెళ్లువారికిని, అట్టి ఓర్పును వచ్చువారికిని, అట్టి విశ్వాసమును నిలిచియున్నవారికిని సర్వేశ్వరుడు ప్రసాదించుగాక!