మైకు కంటే ముందు క్యాష్‌బుక్కు

మా వైపు చర్చిల్లో యువనాయకుడు అంటే పాడగలిగినవాడు, మాట్లాడగలిగినవాడు. డిగ్రీలో చేరిన కుర్రాడు గొంతెత్తి రెండు పాటలు పాడి, పావుగంట వాక్యం చెబితే చాలు, పెద్దలు భుజం తట్టి ‘వీడి మీద దేవుని చెయ్యి ఉంది’ అంటారు. మరుసటి నెల సువార్త కూటాల పోస్టరు మీద వాడి ఫొటో పడుతుంది. పేరు ముందు ‘బ్రదర్’ వచ్చి చేరుతుంది. వాడికి పందొమ్మిదేళ్లు, పైగా రెండు సబ్జెక్టులు బ్యాక్‌లాగు. వాడు చెడ్డవాడేం కాదు. వాడికి ఎవరూ ఏ పనీ అప్పజెప్పలేదు, అంతే.

నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో కామర్స్ చెప్పి రిటైరైనదాన్ని. లూథరన్ ఇంట్లో పుట్టాను. పనిచేసిన ప్రతి ఊళ్లోనూ శనివారం సాయంత్రాలు మా వరండాలో విద్యార్థుల ప్రార్థన కూటం జరిగేది. ప్రభుత్వ కాలేజీ గదుల్లో మత కూటాలు పెట్టుకోనివ్వరు, పెట్టకపోవడమే సబబు కూడా. పిల్లలు చాపలు తెచ్చుకునేవాళ్లు, టీ పెట్టడం మా ఆయన వంతు. ఎంతోమంది ‘నాయకులు’ ఆ చాపల మీద కూర్చుని లేచారు. కామర్స్ వాళ్ల బుద్ధి ఎక్కడికీ పోదు. మనిషి సాక్ష్యం వినే ముందు ఓచర్లు చూడాలనిపిస్తుంది నాకు.

యెరూషలేములో తొలి సంఘానికి వచ్చిన తగాదా అన్నం దగ్గర వచ్చింది. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం తీసి చూడండి. గ్రీకు మాట్లాడే యూదుల విధవరాళ్లకు రోజువారీ పంపిణీలో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు దాన్ని అణచలేదు, ఉపవాస ప్రార్థన పెట్టి దాటవేయనూ లేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షంవాళ్ల చేతికే వడ్డన అప్పగించారని నేను చదువుకుంటాను. స్తెఫను ప్రసంగం ఏడో అధ్యాయంలో వస్తుంది, ఫిలిప్పు సమరయ ప్రయాణం ఎనిమిదిలో వస్తుంది. ముందు వడ్డన, తర్వాతే ప్రసంగం. మనం ఈ వరస తిరగేశాం.

కాలేజీలో వడ్డన అంటే ఏమిటి? ఫీజు రీయింబర్స్‌మెంటు పడక, బకాయి కడితేగాని హాల్ టికెట్ ఇవ్వమన్నారని గదిలో ముడుచుకు కూర్చున్న పిల్లాడిని కనిపెట్టడం. మెస్ బిల్లు కట్టలేక రాత్రిళ్లు అన్నానికి రాని అమ్మాయిని, ఆమె పరువు పోకుండా, తమతో కలుపుకుని తినడం. జ్వరమొచ్చి హాస్టల్లో పడున్నవాడిని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లి ఓపీ క్యూలో నిలబడటం. ఆ రోగి ఏ మతంవాడైతేనేం? ఇవన్నీ చేసినవాడు శనివారం వచ్చి పావుగంట మాట్లాడితే వినాలనిపిస్తుంది. వాడికి వాక్చాతుర్యం లేకపోయినా ఫరవాలేదు.

ఇక డబ్బు. విద్యార్థి కూటమి డబ్బు ఎంతుంటుంది గనక? నెలనెలా కానుకలు, శిబిరానికి వసూలు చేసినవి, పాత విద్యార్థులు ఎవరో పంపిన కొంచెం. అయినా సరే బ్యాంకులో ఖాతా, ఇద్దరి సంతకాలు, క్యాష్‌బుక్కు, ప్రతి ఖర్చుకీ ఓచరు ఉండాల్సిందేనని నేను పట్టుబట్టేదాన్ని. ‘మేడం, దేవుని డబ్బుకి ఇంత గొడవెందుకు?’ అని అడిగేవాళ్లు. దేవుని డబ్బు కాబట్టే.

ఒక ఏడాది బీకాం రెండో సంవత్సరం అమ్మాయి చేతికి ఆ పుస్తకం వెళ్లింది. అప్పటిదాకా అమ్మాయిలు పాటలకీ, చాపలు మడతపెట్టడానికీ ఉండేవాళ్లు. ఇది మన కూటాల పాత జబ్బు, మందు వేసినకొద్దీ తిరగబెడుతుంది. సర్వసభ్య సమావేశంలో ఆ అమ్మాయి లెక్క చదువుతూ మధ్యలో ఆగి, ‘అన్నా, మీ ఆటో ఖర్చు రెండుసార్లు పడింది. రెండో ఓచరు దేనిదో చెబుతారా?’ అంది. అన్న అంటే కూటమి అధ్యక్షుడు, ఆ ఏడాది అందరికంటే బాగా వాక్యం చెప్పే కుర్రాడు. వరండా అంతా నిశ్శబ్దం. వెనక నుంచి ఎవరో, ఆడపిల్ల సభలో పెద్దవాళ్లని నిలదీయవచ్చా అని గొణిగారు. ఆ కుర్రాడి మొహం కందిపోయింది. కాసేపు ఆలోచించి, ‘పొరపాటమ్మా, అది మా ఊరెళ్లిన ఖర్చు, ఇందులో రాశాను’ అని జేబులోంచి నోట్లు తీసి అక్కడే పెట్టాడు. ఆ అమ్మాయి వాటిని జమ రాసుకుని తర్వాతి పద్దు చదివింది. ఇద్దరూ నాయకులయ్యారంటే ఆ నిమిషంలోనే అంటాను నేను. అడగడానికి ఆమెకెంత ధైర్యం కావాలో, పదిమందిలో ఒప్పుకోవడానికి అతడికీ అంతే కావాలి.

విద్యార్థి ఉద్యమాల చరిత్ర చూసినా ముందు చాకిరీ, తర్వాతే మాట అన్న వరసే కనిపిస్తుంది. 1886 వేసవిలో అమెరికాలోని మౌంట్ హెర్మన్‌లో డి.ఎల్. మూడీ నడిపిన శిబిరంలో నూరుమంది విద్యార్థులు మిషనరీలుగా వెళ్తామని ముందుకొచ్చారు. కార్నెల్ విద్యార్థి జాన్ మాట్ వాళ్లలో ఒకడు. 1895లో స్వీడన్‌లోని వాడ్‌స్టేనాలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య పుట్టినప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్లలోనూ అతనున్నాడు. ఆ 1895లోనే, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరాడు. ఇరవై ఒకటి నిండీ నిండని వయసు. మన దోర్నకల్ బిషప్పుగా అందరికీ తెలిసిన అజరయ్యే ఆయన.

ఆయన వెంటనే బిషప్పు కాలేదు. 1909 దాకా ఆ కార్యదర్శి పనే చేశాడు. ఊరూరూ తిరగడం, కుర్రాళ్లను కలవడం, ఉత్తరాలు రాయడం. ఆ మధ్యలోనే 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ, 1905లో సెరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టడంలో చెయ్యివేశాడు. విదేశీ డబ్బు మీద ఆధారపడకుండా మనవాళ్ల కానుకలతో, మనవాళ్ల చేత పని జరగాలన్న పట్టుదల అది. 1909లో గురువుగా అభిషేకం పొంది, తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చాడు. మరుసటి ఏడు ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో, మీ త్యాగాలకు కృతజ్ఞులమేగానీ మాకు కావలసింది మీ స్నేహమని మిషనరీల ముఖం మీదే చెప్పాడు. ఆ మాట కొందరికి మింగుడు పడలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. ఎడింబరో మాట అంత బరువుగా పడిందంటే, దాని వెనక పోస్టరెక్కని ఆ పద్నాలుగేళ్ల చాకిరీ ఉంది.

స్నేహం అన్న ఆ కోరికను మా బోటి సలహాదారులు కూడా వినాలి. 1912 నుంచి ఉన్న ఎస్.సి.ఎం. అయినా, 1954లో మొదలైన యు.ఇ.ఎస్.ఐ. అయినా, ఈ క్రైస్తవ విద్యార్థి సంస్థలు పిల్లల పని పిల్లలే చేసుకోవాలన్న నమ్మకం మీద నడవాల్సినవి. పెద్దలు పక్కన ఉండాలి, పైన ఎక్కి కూర్చోకూడదు. పిల్లల అజెండాను తాము దిద్ది, వక్తను తాము పిలిచి, చివరికి ప్రార్థన కూడా తామే చేసే సలహాదారులను చూశాను. వాళ్ల కూటాల్లో మంచి శ్రోతలు తయారవుతారు.

శిబిరాల్లో ఎవరూ ముట్టుకోని ముల్లు ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇప్పటికీ లేదు. మన దగ్గర క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు బీసీ-సి కింద ఒక శాతానికి పరిమితం. పల్లెలో చర్చి గంట వింటూ పెరిగిన పిల్లవాడి కుల సర్టిఫికెట్‌లో అందుకే హిందూ మాల అనో హిందూ మాదిగ అనో ఉంటుంది. కూటమి కార్యదర్శిగా పేరు రాయమనేసరికి వాడు వెనక్కి తగ్గుతాడు. సీటు పోతుంది, స్కాలర్‌షిప్పు పోతుంది, ఇంటి దగ్గర అమ్మ కూలికెళ్తోంది. వాడి భయం ఉత్త భయం కాదు.

ఈ సంగతి మీద మా వరండాలో గొంతులు లేచిన సాయంత్రాలున్నాయి. హిందూ సర్టిఫికెట్ ఉన్నవాడు నాయకుడెలా అవుతాడని ఒకడు, నీకు పొలముంది కాబట్టి నీతులు చెబుతున్నావని ఇంకొకడు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆ ఉత్తర్వు అన్యాయమైనదని నా నిశ్చితాభిప్రాయం. మతం మారితే అంటరానితనం మాయం కాదని మా పల్లెలో పశువుల కాపరి కూడా చెబుతాడు. ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫార్సు చేసింది. ఇదే సంగతి మీద 2022లో మళ్లీ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. పెద్దపెద్ద కమిషన్లే తేల్చని సంగతిని పందొమ్మిదేళ్లవాడి నెత్తిన పెట్టి, నువ్వు పిరికివాడివి అనడం నాకు చేతకాదు. అలాగని, కాగితం మీద ఒకటి, గుండెలో ఒకటి పెట్టుకు బతకడం మనిషిని లోపల తినేస్తుందన్నదీ నిజమే. నేను అడిగేది వేరే. సత్యం చెప్పమని స్టేజీల మీద అరిచే సంఘం, సత్యం రాసి సీటు పోగొట్టుకున్న పిల్లకు ఫీజు కట్టిందా? కట్టిన సంఘం ఏదైనా ఉంటే దానికి మాట్లాడే హక్కుంది. మిగతావాళ్లం కాస్త ఊరుకుంటే మంచిది. కూటంలో మటుకు ఎవరినీ గుమ్మం దగ్గర సర్టిఫికెట్ అడగకూడదు. ఈ ముల్లు గురించి అందరూ దాపరికం లేకుండా మాట్లాడుకోగలగాలి. అలా మాట్లాడుకునే చోటును కాపాడగలిగినవాడిని నేను నాయకుడంటాను.

కాలేజీ కూటమికి చర్చికి లేని అదృష్టం ఒకటుంది. అక్కడ ఎవరి పదవైనా పరీక్షలతో పోతుంది. చివరి సంవత్సరంవాడు ఎంత అభిషిక్తుడైనా టీసీ తీసుకుని వెళ్లాల్సిందే. మన సంఘాల్లోనో, ఎక్కడం తప్ప దిగడం లేదు. తండ్రి పులిపీఠం కొడుక్కి వస్తుంది, ట్రస్టు ఇంటి పేరు మీద ఉంటుంది, ఎన్నికలు పెడితే కోర్టు మెట్లెక్కుతాయి. దిగడం నేర్చుకోవడానికి మన పిల్లలకు కాలేజీ తప్ప వేరే బడి లేదు. ఆ బడిలోనూ కొందరు తప్పించుకుంటారు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఇక్కడి కూటమి వాట్సాప్ గ్రూపుకు ఇంకా అడ్మిన్‌గా ఉండే సీనియర్లు! వచ్చే శనివారం వాక్యం ఎవరు చెప్పాలో మాదాపూర్ నుంచి నిర్ణయిస్తారు.

ఇలా గడువుకు దిగిపోవాలంటే అడ్డు చెప్పేవాళ్లున్నారు. పిలుపు దేవునిది, గడువు మనుషులది, మధ్యలో దిగమనడానికి మీరెవరు అంటారు. బర్నబాను చూడమంటాను నేను. ఎవరూ నమ్మని సౌలును చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరకు తెచ్చింది బర్నబా. అంతియొకయకు తీసుకొచ్చిందీ అతడే. వాళ్లిద్దరూ ప్రయాణం మొదలుపెట్టినప్పుడు అపొస్తలుల కార్యముల్లో బర్నబా పేరే ముందుంటుంది. పదమూడో అధ్యాయం సగం దాటేసరికి సౌలు పౌలై, అతడి పేరు ముందుకొస్తుంది. బర్నబా దాని గురించి ఒక్క మాట అన్నట్టు ఎక్కడా లేదు. తర్వాత పౌలు వద్దన్న మార్కును వెంటబెట్టుకుని వెళ్లాడు. అతడి పిలుపు పోయిందా? రెండో పేరుగా మారి కూడా పని చేస్తూనే ఉన్నాడు. యెహోషువ సంగతి ఇంకోలా ఉంది. మోషే అతడి మీద చేతులుంచి జనం ముందు నిలబెట్టాడు. యెహోషువ మాత్రం తన తర్వాత ఎవరినీ అలా నిలబెట్టినట్టు కనిపించదు. ఆ తర్వాతి పుస్తకం న్యాయాధిపతులు. చదివినవాళ్లకు అందులోని అల్లకల్లోలం తెలుసు.

కాబట్టి చివరి సంవత్సరంలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. జనవరిలోనే కొత్త కమిటీని ఎన్నుకోండి. అందులో సగం మంది అమ్మాయిలు ఉండాలి, ఫిర్యాదులు చేసే ఒకరిద్దరు కూడా ఉండాలి. మిగిలిన నెలలు పక్కన కూర్చోండి. వాళ్లు తడబడితే అడిగేదాకా చెప్పకండి. చివరి పరీక్ష రాసిన రోజు గ్రూపులోంచి బయటికి రండి. క్యాష్‌బుక్కు ముగింపు నిల్వ వేసి, ఓచర్లు వరసగా గుచ్చి, అందరి ముందు అప్పగించండి. బ్యాంకు ఖాతాలో సంతకాలు కూడా మార్పించండి. దానికి తీర్మానం కాపీ అడుగుతారు, సమావేశం రోజే రాయించి పెట్టుకోండి.