గట్టి బట్ట కోరడం మమకారమేనా?

దూరం నడిచేవాడు నాలుగు కాలాలు మన్నే బట్ట కోసం వెతకడం దేహాభిమానమా? తాడేపల్లిగూడెం నుంచి శబరిమలకో కేదారనాథ్‌కో బయలుదేరేవాళ్లలో చాలామంది, దేవుడి దగ్గరికి వెళ్తూ బట్టల ధ్యాస ఎందుకంటారు. ఆ మాటలో భక్తి ఉంది గానీ ఆలోచన చాలదు. కోరిక లక్షణం మళ్లీ మళ్లీ కావాలనడం. మన్నిక చూసి ఒక్కసారి ఎంచుకోవడం ఆ కోరికకు అడ్డుకట్ట. అందుకే దీన్ని వైరాగ్యానికి విరుద్ధమని కాక, వైరాగ్యంలో భాగమనే నేను వాదిస్తాను.

ఈ వాదానికి ఆధారం ఏలూరు జిల్లాలోనే ఉంది. కామవరపుకోట మండలం జీలకర్రగూడెం పక్కన, గుంటుపల్లి కొండను తొలిచిన గుహల్లో క్రీస్తుకు పూర్వమే బౌద్ధ భిక్షువులు నివసించారు. సర్వమూ వదులుకున్న అలాంటి భిక్షువుల బట్టల గురించి బౌద్ధ సంఘ నియమాల గ్రంథమైన వినయపిటకం ఎంతో శ్రద్ధగా మాట్లాడుతుంది. మంచు కురిసే రాత్రి బుద్ధుడు ఆరుబయట కూర్చుని, జాము గడిచేకొద్దీ ఒక్కో వస్త్రం అదనంగా కప్పుకుంటూ చలిని తన ఒంటితో కొలిచాడట. ఆ తర్వాతే భిక్షువుకు మూడు చీవరాలు (వస్త్రాలు) అని, పైది రెండు పొరలుగా ఉండాలని నియమం పెట్టాడని అందులోని మహావగ్గం చెబుతుంది. అవంతి దక్షిణాపథంలో నేల నల్లగా, గరుకుగా, పశువుల గిట్టల కింద నలిగి ఉంటుందని మహాకాత్యాయనుడు తన శిష్యుడు సోణుడి ద్వారా విన్నవిస్తే, బుద్ధుడు అక్కడివాళ్లకు పలు పొరల చెప్పులు అనుమతించాడు. వేసవిలో కొల్లేటి అంచున పగుళ్లిచ్చిన నల్లమట్టి మీద నడిచినవాళ్లకు ఆ విన్నపాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. నేల మారితే నియమం మారింది, వైరాగ్యం మాత్రం సడలలేదు. ఆ చీవరాలను మగధ పొలాల మళ్లూ గట్లూ కనిపించేలా ముక్కలు కలిపి కుట్టే పద్ధతి బుద్ధుడి శిష్యుడు ఆనందుడిది. దానంగా అందిన ఇన్ని బట్టలు ఏం చేసుకుంటారని ఉదయన రాజు అడిగితే, పాతబడ్డవి దుప్పట్లవుతాయి, తర్వాత పరుపు గలీబులు, ఆపైన కాళ్లు తుడుచుకునే గుడ్డలు, చివరికి పీలికలు చేసి మట్టిలో కలిపి నేల అలుకుతామని ఆనందుడు లెక్క చెప్పాడు. దానంగా వచ్చిన బట్ట తొందరగా చిరిగితే భారం పడేది ఇచ్చినవాడి మీద, నేసినవాడి మీద. ఆ ఎరుకే ఈ పొదుపుకు మూలమని నాకనిపిస్తుంది.

దిగంబర జైనులు దీనికి ఒప్పుకోరు. బట్ట ఉన్నంతకాలం దాని చింత తప్పదంటారు. బట్టలనే వదిలేసే వాళ్ల మునులది గొప్ప వ్రతం, తలవంచాల్సిందే. కానీ ఆ వ్రతం పట్టనివాడు ఏదో ఒకటి కట్టుకోక తప్పదు. ఎంచుకోకుండా కట్టుకున్నంత మాత్రాన చింత పోదు, దారిలో రెట్టింపవుతుంది.

మన్నికే గీటురాయైతే నైలాన్, పాలిస్టర్ కొంటే సరిపోతుంది కదా అన్న ఆక్షేపణ ఇంకా గట్టిది. కొన్ని చోట్ల నిజంగానే సరిపోతుంది. 3,583 మీటర్ల ఎత్తున్న కేదారనాథ్ దారిలో తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. అక్కడ ఉన్ని గానీ త్వరగా ఆరే సింథటిక్ గానీ కావాలి, పైన వాన ఆపే పొర ఉండాలి. అదే వాన కోటును కొల్లేరు ఉక్కపోతలో తొడిగితే లోపల చెమటతోనే తడిసిపోతాం. ఇక్కడి ఎండకు వదులైన పలచని నూలు, బురదకు మోకాలి పైకి మడవగలిగే పంచె నయం. జీన్స్ తడిస్తే బరువెక్కి ఓ పట్టాన ఆరవు. ముళ్లపొదలున్న గుంటుపల్లి కొండవైపు మాత్రం దట్టమైన నేత ఉండాలి. పైగా సింథటిక్ బట్ట ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి వదులుతుంది. ఏలూరు మురుగు చేరేది 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాకెక్కిన ఈ కొల్లేరు సరస్సులోకే. ఎన్నాళ్లు మన్నుతుందన్నదాంతోపాటు, చిరిగాక ఏమవుతుందన్నదీ చూడాలి. ఉదయనుడి ప్రశ్నకు నూలు చెప్పగల జవాబు పాలిస్టర్ చెప్పలేదు.

ఇక కష్టమే సాధన అనేవాళ్లున్నారు. మండల దీక్షలో నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా నడిచే అయ్యప్ప భక్తుడు తెలిసే ఆ కష్టాన్ని నెత్తికెత్తుకుంటాడు, అది అతని మొక్కు. చలికి తగిన బట్ట తెచ్చుకోకుండా కొండెక్కి, తోటి యాత్రికుడి కంబళిలో సగం అడిగేవాడి కష్టం అలాంటిది కాదు. దానిలో సగం ఇంకొకరు మోస్తున్నారు.